సిరామిక్ డిఫ్యూజర్‌తో రెండేళ్లు: బుడగలు లెక్కపెట్టడం ఎందుకు మానేశాను

నాది మొక్కలు, చేపలు ఉన్న 60×30×36 సెంటీమీటర్ల అక్వేరియం ట్యాంకు, సుమారు 65 లీటర్లు. మొక్కలకు సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) అందించడానికి రెండు కిలోల సిలిండర్, రెగ్యులేటర్, టైమర్‌కు కలిపిన సొలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో గ్యాస్ తెరిచి మూసేది), చివర్లో గ్యాస్‌ను సన్న బుడగలుగా చేసే సిరామిక్ డిస్క్ ఉన్న గాజు డిఫ్యూజర్. రెండేళ్లుగా రోజూ నడుస్తోంది.

మొక్కల ట్యాంకు పెట్టినవాళ్లు ముందు అడిగేది ‘సెకనుకు ఎన్ని బుడగలు?’ అనే. మొదట్లో నేనూ అదే లెక్క చూసుకుని, రెండు బుడగలకు సెట్ చేసి వదిలేశాను. నెల గడిచినా రొటాలా మొక్క ఎదగలేదు, మాంటే కార్లో మొక్క ఆకుల మీద నాచు పట్టింది. గ్యాస్ వెళ్తోంది కానీ నీళ్లలో కరగడం లేదని అప్పుడు అనుమానం వచ్చింది.

మా బోరు నీళ్ల కేహెచ్ (కార్బొనేట్ల మోతాదు చెప్పే కొలత) 8. గ్యాస్ తెరవకముందు ట్యాంకు పీహెచ్ 7.9, ఈ రెంటి లెక్కన సీఓటూ దాదాపు 3 పీపీఎం (పది లక్షల్లో మూడు వంతులు). కేహెచ్ మారకుండా పీహెచ్ ఒక్క పాయింటు తగ్గితే సీఓటూ పది రెట్లయినట్టు. మొక్కలకు చాలామంది పెట్టుకునే లక్ష్యం 30 పీపీఎం కాబట్టి నాకు కావాల్సిన పీహెచ్ 6.9. బుడగల వేగం ముట్టుకోకుండా డిఫ్యూజర్ చోటు మాత్రం మారుస్తూ, గ్యాస్ తెరిచిన రెండు గంటలకు పీహెచ్ చూశాను.

ఫిల్టర్ నీళ్లు పడే చోటుకు కిందే, సగం లోతులో పెడితే 7.3 దగ్గరే ఆగింది. సుమారు 12 పీపీఎం. అవతలి గోడ దగ్గర, అద్దానికి తగిలి కిందికి దిగే ప్రవాహంలో, అడుగున పెడితే 7.0. అక్కడ సన్న బుడగలు పైకి పోలేక మంచులా ట్యాంకంతా తిరుగుతాయి. బుడగ ఎంత చిన్నదైతే అంత నెమ్మదిగా లేస్తుంది, నీటికి తగిలే ఉపరితలమూ ఎక్కువ. ఫిల్టర్ నీళ్లు లాగే గొట్టం కింద పెడితే 6.9 వచ్చింది కానీ, లోపల గ్యాస్ చేరి ఫిల్టర్ గరగరలాడింది, ప్రవాహం తగ్గింది. రెండు రోజులకే తీసేశాను.

పైదాకా వచ్చిన బుడగను చూసి గ్యాస్ వృథా అయిందని బాధపడేవాణ్ణి. నిజానికి దారిలోనే సీఓటూ నీళ్లలోకి వెళ్తుంటే, నీళ్లలోని ఆక్సిజన్, నైట్రోజన్ బుడగలోకి వస్తాయి. పైకి చేరేది అంతా మనం కొన్న గ్యాస్ కాదు.

డిస్క్‌కు ఐదారు వారాల్లో పచ్చటి పొర పడుతుంది. బుడగలు లావవుతాయి, పీహెచ్ 7.2 దగ్గర నిలిచిపోతుంది. నీళ్లు కలిపిన బ్లీచ్‌లో గంటసేపు నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ విరిచే మందు వేసిన నీళ్లలో ఉంచితే మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది.

ఇక్కడే ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. పొర పట్టిన రోజుల్లో బుడగల వేగం పెంచుకుంటూ పోయి, డిస్క్ శుభ్రం చేశాక తగ్గించడం మరిచిపోయాను. మర్నాడు మధ్యాహ్నం మా అమ్మ, “చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, చూడరా” అని పిలిచింది. డ్రాప్ చెకర్ (సీఓటూ ఎంతుందో రంగుతో చూపే చిన్న పరికరం) ఇంకా ఆకుపచ్చగానే, అంటే సరిపడా ఉన్నట్టే చూపుతోంది. గంట, రెండు గంటల కిందటి సంగతే అది చెబుతుందని తెలుసు, అయినా దాన్నే నమ్మాను. గ్యాస్ కట్టేసి, ఎయిర్ స్టోన్ వేసి, సగం నీళ్లు మార్చాను. నియాన్ టెట్రాలు అన్నీ బతికాయి. ఆ టెన్షన్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి శుభ్రం చేసిన రోజు వేగం సగానికి తగ్గించి, పీహెచ్ చూస్తూ మెల్లగా పెంచుతున్నాను.

మే నెలలో నీళ్లు 31 డిగ్రీలు దాటితే ఇంకా తగ్గిస్తాను. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చేపలకు కావాల్సింది ఎక్కువ.

కొనేటప్పుడు డిస్క్ అంచు చూసుకోండి. నేను మొదట కొన్నదానికి జిగురు సరిగా పట్టక, అంచు నుంచి లావు బుడగలు వచ్చేవి. దాన్ని ఎక్కడ పెట్టినా లాభం లేకపోయింది. ఇప్పుడున్నది బాగుంది. రెండోది కూడా కొని పెట్టుకున్నాను, ఒకటి బ్లీచ్‌లో ఉన్నప్పుడు ఇంకొకటి ట్యాంకులో ఉంటుంది.