రాతి రసాయనం, జిర్కాన్ వయసు: పన్నెండేళ్ల వాడకం తర్వాత

ప్రాచీన భూపటలం ఎప్పుడు, దేని నుంచి ఏర్పడిందో తేల్చడానికి పన్నెండేళ్లుగా రెండు పద్ధతులను జతగా వాడుతున్నాను. జిర్కాన్ (జిర్కోనియం సిలికేట్ ఖనిజం) స్ఫటికాలలోని యురేనియం, సీసం పాళ్లతో వయసు కట్టడం ఒకటి, అదే రాతిని పొడి చేసి మూలకాలను కొలవడం మరొకటి.

వయసు విషయంలో జిర్కాన్‌పై నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఏర్పడేటప్పుడు అది యురేనియాన్ని రానిచ్చి సీసాన్ని దాదాపుగా బయటే ఉంచుతుంది కనుక, ఇప్పుడు లోపల కనబడే సీసంలో అధికభాగం యురేనియం క్షయమై అక్కడే పుట్టినది. యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235ది సుమారు 70 కోట్ల ఏళ్లు. ఒకే గింజలో నడిచే ఈ రెండు గడియారాలు వేర్వేరు వయసులు చెబితే సీసం బయటికి పోయిందేమోనని అనుమానించవచ్చు. రెండూ దాదాపు ఏకీభవించినా మోసపోయే వీలుందని మాత్రం తొలినాళ్లలోనే తెలిసింది. గింజ లోపలి పొరలను చూపే కాథోడోల్యూమినిసెన్స్ (ఎలక్ట్రాన్ పుంజం తాకితే వెలిగే కాంతి) చిత్రం తీయకుండా, కొలతకు పదార్థం తీయడానికి తొందరపడి లేజర్ పెడితే, 30 మైక్రాన్ల గుంట సగం పాత గర్భం మీద, సగం కొత్త అంచు మీద పడి, ఏ సంఘటనకూ చెందని నడిమి వయసు వచ్చింది.

రాతి రసాయనం నన్ను ఇంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పాత గ్రానైటు జాతి శిలల్లో భారీ విరళ మృత్తిక మూలకాలు (ఇటెర్బియం, లుటీషియం వంటివి) బాగా తక్కువగా ఉంటే, మూలశిల లోతున కరిగినప్పుడు గార్నెట్ అనే ఖనిజం అక్కడే మిగిలిపోయి వాటిని పట్టి ఉంచిందని అర్థం చెప్పుకుంటాం. ఒకసారి అలాంటి ఫలితమే చూసి సంతోషించాను. తీరా గమనిస్తే జిర్కోనియం కూడా అనుమానం కలిగించేంత తక్కువగా ఉంది. ఆ పొడిని మామూలు మూతపాత్రలో ఆమ్లంతో కరిగించినప్పుడు జిర్కాన్ గింజలు పూర్తిగా కరగక అడుగున మిగిలాయి, భారీ మూలకాలలో చెప్పుకోదగ్గ భాగం వాటితోనే ఉండిపోయింది. జిర్కాన్‌ను కూడా కరిగించే లిథియం బోరేట్ లవణంతో అధిక వేడిలో కరిగించి మళ్లీ కొలిచాక గార్నెట్ కథ చాలావరకు నీరుగారిపోయింది. వయసు చెప్పిన ఖనిజమే రసాయనాన్ని తప్పుదారి పట్టించిందన్నమాట. ఇప్పుడు నేను జిర్కోనియం అంకె చూడకుండా మిగతా పట్టిక చదవను.

జిర్కాన్‌లోని హాఫ్నియం ఐసోటోపులతో కట్టే మోడల్ వయసును (మూలపదార్థం ప్రావారం నుంచి ఎప్పుడు విడివడిందో చెప్పే అంచనాను) నేను మరింత జాగ్రత్తగా తీసుకుంటాను. శిలాద్రవం నేరుగా ప్రావారం (భూపటలం కింది మాంటిల్ పొర) నుంచి వచ్చిందా, పాత పటలం మళ్లీ కరిగిందా అనేది ఇది బాగానే చూపుతుంది. కానీ మూలశిల ఎప్పుడు ప్రావారం నుంచి విడివడిందన్న లెక్క, క్షయమై హాఫ్నియంగా మారే లుటీషియానికీ హాఫ్నియానికీ దానిలో ఉన్న నిష్పత్తిని మనం ఎంత అనుకుంటామన్న దానిమీద ఆధారపడుతుంది. 0.015 బదులు బసాల్టు తరహా మూలానికి వాడే 0.022 పెడితే, జిర్కాన్ పుట్టక ముందు 50 కోట్ల ఏళ్లని తేలిన పటల చరిత్ర 70 కోట్ల ఏళ్లకు సాగుతుంది. అందుకే రెండు అంకెలూ ఇస్తాను. ఒక్కటే ఇచ్చిన పట్టికను నమ్మడం నాకు కష్టం.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో 440 కోట్ల ఏళ్లకు చేరువైన గింజలు దొరికినా, అవి ఎంతో తర్వాత పేరుకున్న అవక్షేపాల్లోవి. వాటిని కన్న శిల దొరకలేదు కనుక జతలోని రెండో పద్ధతికి అక్కడ పనే లేదు. కెనడాలోని అకాస్టా నైస్ అనే పట్టీల రూపాంతర శిలలో దాదాపు 403 కోట్ల ఏళ్ల గింజలు సొంత రాతిలోనే ఉన్నాయి. వయసు తక్కువైనా, ఈ జతను పరీక్షించదలచినవారికి నేను అకాస్టానే సూచిస్తాను.