పాత నడుము నొప్పి: ముందు బలమా, కదలికా?

నడుము నొప్పి 12 వారాలు దాటితే దీర్ఘకాలికం అంటారు. వ్యాయామం చేయమని అందరూ చెబుతారు కానీ, ఏది అన్నదగ్గరే చిక్కు: వీపు కండరాలకు బలం పెంచేదా, బిగుసుకున్న నడుమును వదులు చేసేదా?

వెన్నుపూసలను అంటిపెట్టుకుని మల్టిఫిడస్ అనే లోతైన కండరం ఉంటుంది. పాత నొప్పి ఉన్న చాలామందిలో అది సన్నబడి, దాని మధ్య కొవ్వు చేరుతుంది. కొందరిలో ఒక పక్కే ఎక్కువగా. చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చేయి, ఎడమ కాలు కలిపి చాపడం, తర్వాత పక్క మార్చడం దీనికి మంచి కసరత్తు. ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది. ఈలోపే విసుగొచ్చి మానేస్తాం, అదీ సమస్య.

కదలిక సంగతి వేరు. నొప్పి లేని మనిషి పూర్తిగా ముందుకు వంగితే వీపు కండరాలు దాదాపు పని ఆపేస్తాయి. నొప్పి ఉన్న చాలామందిలో అవి అప్పుడు కూడా బిగుసుకునే ఉంటాయి, మళ్లీ ఎక్కడ పట్టేస్తుందోనని కాపలా కాస్తున్నట్టు. పిల్లిలా వీపును నెమ్మదిగా పైకి, కిందికి వంచడం ఇక్కడ పనికొస్తుంది. నడుమును బలంగా మెలితిప్పడం మాత్రం నాకు నచ్చదు. అసలు నడుము పూసలు తిరిగేదే తక్కువ. ఎక్కువ భాగం ఛాతీ వెనక పూసలు, తుంటి కీళ్లదే.

వంగాలంటేనే టెన్షన్ పడేవారిని కదలికతో మొదలుపెట్టమంటాను. బాగానే వంగుతూ, కాసేపు నిలబడితే నడుము అలిసిపోయేవారికి బలమే ముందు. కాళ్లు మొద్దుబారినా, మూత్రం అదుపు తప్పినా ఈ రెండూ పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.