రెండు రాష్ట్రాల వార్తలు, ఒకే టీవీ: 16 ఏళ్ళు చూశాక

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న రాయగడలో మాది మందుల షాపు. చీటీ పట్టుకుని నిలబడ్డవాళ్ళకు కాస్త కాలక్షేపంగా ఉంటుందని 2009లో మా నాన్నగారు గోడకు టీవీ బిగించారు. అప్పటి నుంచి పొద్దున్న ఎనిమిదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా అందులో వార్తలే. వచ్చేవాళ్ళలో కొందరు తెలుగు పెట్టమంటారు, కొందరు ఒడియా పెట్టమంటారు. జేకేపూర్ పేపరు మిల్లు నుంచి వచ్చేవాళ్ళలో హిందీ కావాలనేవాళ్ళూ ఉన్నారు. అలా ఒకే సంగతిని ఒకే రోజు మూడు భాషల్లో వినడం నాకు అలవాటైపోయింది. నెలనెలా డబ్బు కట్టి ఇన్నేళ్ళు వాడిన దాని గురించి నేను గమనించింది రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు మంచి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఇటు గజపతి జిల్లా, మా గుణుపురం వైపు అతలాకుతలమైపోయాయి. ఆ నాలుగు రోజులు తెలుగు చానల్ చూసి శ్రీకాకుళంలో ఉన్న మా పెద్దమ్మ వాళ్ళ ఊరి పరిస్థితి తెలుసుకున్నాం. ఒడియా చానల్ చూసి పర్లాకిమిడి రోడ్డు సంగతి తెలుసుకున్నాం. నీళ్ళలో మోకాలి లోతున నిలబడి మాట్లాడిన కుర్రాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోయింది. వాళ్ళకు ఏ పార్టీ గుర్తూ రాలేదు ఆ నాలుగు రోజులు. వార్తా చానల్ అంటే నాకు ఇప్పటికీ ఆ కుర్రాళ్ళే.

ఇక ఏ చానల్ ఎటు మొగ్గుతుందన్నది మా షాపుకు వచ్చే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. సాక్షి జగన్ కుటుంబానిది. టీ న్యూస్ కేసీఆర్ పార్టీది. వీ6 వివేక్ వెంకటస్వామి కుటుంబానిది, ఆయన 2019లో బీజేపీలో చేరారు, 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్‌కు తిరిగి వచ్చారు. టీవీ5 చైర్మన్ బీఆర్ నాయుడు 2024లో కూటమి ప్రభుత్వం వచ్చాక టీటీడీ చైర్మన్ అయ్యారు. ఇటు ఒడిశాలోనూ అంతే. ఓటీవీని నడిపే జాగి మంగత్ పండా భర్త బైజయంత్ పండా ఒకప్పుడు బీజేడీ (నవీన్ పట్నాయక్ పార్టీ) ఎంపీ, 2019 నుంచి బీజేపీ నాయకుడు. కనక్ న్యూస్ వెనక ఉన్న సౌమ్య రంజన్ పట్నాయక్ బీజేడీ ఎమ్మెల్యేగా ఉండి, 2023లో అదే పార్టీ నుంచి బయటికి పంపబడ్డారు. యజమాని ఎవరో తెలిసినప్పుడు వార్తని ఎంత వడకట్టి తాగాలో మనకి తెలుస్తుంది. అందుకే పార్టీ మొగ్గు నన్ను మొదటి రెండు మూడేళ్ళే బాధపెట్టింది. తర్వాత సర్దుకున్నాను.

సర్దుకోలేనిది వేరే ఉంది. సరిహద్దులో ఉంటే తప్ప అది కనపడదు.

కొటియా సంగతి తీసుకోండి. కోరాపుట్ జిల్లాలో సాలూరు వైపున్న ఆ కొండ పల్లెలు మావంటే మావని రెండు రాష్ట్రాలు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు పెట్టింది. ఒడిశా కోర్టు ధిక్కరణ పిటిషన్ వేసింది. ఆ వారమంతా మా షాపులో రిమోట్ నా చేతిలో ఉంది. తెలుగు చానళ్ళలో అధికార పక్షానిదీ ప్రతిపక్షానిదీ ఒకటే మాట: మన పల్లెల మీద ఒడిశా దౌర్జన్యం. ఒడియా చానల్ మారిస్తే అక్కడా అన్ని పార్టీలదీ ఒకటే మాట: మన నేల మీద ఆంధ్ర చొరబాటు. అంతవరకు ఒకరినొకరు తిట్టుకునే చానళ్ళు ఆ వారం ఒకే గొంతుతో మాట్లాడాయి. రెండు వైపుల రేషన్ కార్డులున్నవాళ్ళు, రెండు వైపులా ఓటున్నవాళ్ళు ఆ పల్లెల్లో ఉన్నారు. వాళ్ళకేం కావాలో నెమ్మదిగా అడిగిన బులెటిన్ నాకు కనపడలేదు. రైల్వే జోన్ విషయంలోనూ ఇదే చూశాం. 2019 ఫిబ్రవరి 27న విశాఖ జోన్ ప్రకటించి, వాల్తేరు డివిజన్‌లో కొంత భాగంతో రాయగడ డివిజన్ పెడతామన్నప్పుడు తెలుగు చానల్లో కేకే (కొత్తవలస-కిరండూల్) లైను ఆదాయం పోతుందన్న ఏడుపు, ఒడియా చానల్లో పండగ. నా పక్కన ఇద్దరు రైల్వే ఉద్యోగులు నిలబడి ఉన్నారు. తమ సర్వీసు ఏ డివిజన్లోకి పోతుందో, పిల్లల్ని ఏ స్కూల్లో వెయ్యాలో అని వాళ్ళ టెన్షన్. అది ఏ భాషలోనూ రాలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అక్క కొడుకు సాలూరులో ఒక తెలుగు చానల్‌కు స్ట్రింగర్‌గా ఉండేవాడు. ఏ చానలో చెప్పను. నెల జీతం ఉండదు, వాడిన క్లిప్పుకు ఇంత అని ఇస్తారు. పైగా సంక్రాంతికి, ఆగస్టు 15కు యాడ్స్ టార్గెట్ ఉంటుంది. కొటియా గొడవప్పుడు వాడు బండి మీద కొండెక్కి ఒక ముసలామె బైట్ (కెమెరా ముందు చెప్పిన మాట) తీసుకున్నాడు. ఆవిడ మొదట, ఆంధ్రావాళ్ళు పింఛను ఇస్తున్నారు, మేం వాళ్ళతోనే ఉంటాం అంది. వెంటనే, ఒడిశావాళ్ళు రోడ్డు వేస్తున్నారు, అది కూడా మాకు కావాలి, మమ్మల్ని కొట్టుకోకుండా వదిలెయ్యండి అంది. మొత్తం నిమిషంన్నర. చానల్ ఆఫీసులో వార్తలు సరిచేసే డెస్క్ మొదటి పది సెకన్లు ఉంచి మిగతాది కోసేసింది. ఆ పది సెకన్లే రోజంతా తిప్పారు, కింద ఎర్ర స్క్రోలింగ్‌తో.

వాడు కుర్రతనం కొద్దీ మొత్తం వీడియోని తన ఫేస్‌బుక్‌లో పెట్టాడు. నాలుగో రోజు బ్యూరో నుంచి ఫోన్. లోగో, ఐడీ కార్డు పంపించెయ్యమన్నారు. చానల్ ఫుటేజీని సొంతానికి వాడుకున్నాడన్నది అభియోగం. రాత్రి షాపు కట్టే వేళకి నా దగ్గరికి వచ్చాడు. "మావయ్యా, నేను అబద్ధం పెట్టలేదు కదా, ఆవిడ అన్నదే పెట్టాను" అన్నాడు. నేనేం చెప్పను? రూలు ప్రకారం వాళ్ళదే రైటు. ఫుటేజీ చానల్‌దే. కానీ మాట కోసేసిన డెస్క్ మనిషికి ఏ రూలూ అడ్డం రాలేదు.

ఆ రాత్రి నుంచి నేను వార్తలు చూసే పద్ధతి మారిపోయింది. చానల్ ఎటు మొగ్గుతోందని చూడడం తగ్గించాను. అక్కడ ఎవరిని, ఎందుకు తీసేశారు, ఎవరిని దేనికి ఏమీ అనలేదు, ఇది చూస్తున్నాను. ఇలా వెతకడం మొదలుపెట్టాక దేశం దాటి కూడా చదివాను.

అమెరికాలో ఎంఎస్ఎన్‌బీసీ అని ఒక కేబుల్ చానల్ ఉండేది, 2025లో దాని పేరు మారింది. అందులో కీత్ ఓల్బర్‌మన్ అనే యాంకర్ ఏళ్ళ తరబడి డెమొక్రాట్ల పక్షం మాట్లాడాడు, ఆయన షో అలాగే నడిచింది. 2010 నవంబరులో ముగ్గురు డెమొక్రాట్ అభ్యర్థులకు తలా 2,400 డాలర్లు, ముందస్తు అనుమతి లేకుండా, చందా ఇచ్చినట్టు బయటపడింది. జీతం లేకుండా సస్పెండ్ చేశారు. నాలుగు రోజుల్లో తిరిగి తెర మీదికి వచ్చేశాడు. అదే నెలలో అదే చానల్లో జో స్కార్‌బరోకి అలాంటి చందాలకే రెండు రోజుల సస్పెన్షన్. అవతల రిపబ్లికన్ల వైపు మొగ్గే ఫాక్స్ చానల్ అప్పటి మాతృసంస్థ న్యూస్ కార్ప్ ఆ ఏడాదే రిపబ్లికన్ గవర్నర్ల సంఘానికి 10 లక్షల డాలర్లు ఇచ్చింది. అనుమతి తీసుకోవాలన్న నియమం పెట్టడం మంచిదే, నేను కాదనను. కానీ చూసేవాడికి దాని వల్ల ఏం ఒరిగింది? రోజూ గంటసేపు మాట్లాడే మొగ్గు అలాగే ఉంది, జేబులోంచి ఇచ్చిన డబ్బు మాత్రమే తప్పయింది.

ఫాక్స్ సంగతి ఇంకా బాధగా అనిపించింది. 2020 ఎన్నికల తర్వాత డొమినియన్ అనే ఓటింగ్ యంత్రాల కంపెనీ ఓట్లు తారుమారు చేసిందని వచ్చిన ఆరోపణలను జాకీ హైన్రిక్ అనే వాళ్ళ సొంత రిపోర్టరే, ఆధారాలు లేవని ట్వీట్ చేసింది. ఆమెని ఉద్యోగంలోంచి తీసేయించండి అని యాంకర్ టక్కర్ కార్ల్‌సన్ తోటి యాంకర్లకు మెసేజ్ పెట్టాడు. ఆమె ఉద్యోగం పోలేదు, కానీ ఆ మెసేజ్ కోర్టు కాగితాల్లో బయటపడ్డప్పుడు నాకు మా మేనల్లుడే గుర్తొచ్చాడు. అరిజోనాలో బైడెన్ గెలిచాడని ఆ ఎన్నికల రాత్రి ముందుగా ప్రకటించిన ఫాక్స్ బృందంలో ఉన్న క్రిస్ స్టైర్‌వాల్ట్ ఉద్యోగం 2021 జనవరిలో పోయింది. ఆయన బృందం చెప్పిన ఫలితమే చివరికి నిజమైంది. సంస్థ మాత్రం ఉద్యోగాల పునర్వ్యవస్థీకరణ అంది. ఇక ఆ ఆరోపణలను ప్రసారం చేసినందుకు 2023 ఏప్రిల్ 18న ఫాక్స్ డొమినియన్‌కు 78.75 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆరు రోజులకు కార్ల్‌సన్‌ని పంపించేశారు. డబ్బు పోయాక గానీ పెద్ద తల కదల్లేదు.

మన దేశంలో 2022 జులైలో జీ న్యూస్ చేసింది చూడండి. వయనాడ్‌లో తన ఆఫీసు పగలగొట్టిన కుర్రాళ్ళ గురించి రాహుల్ గాంధీ అన్న మాటని ఉదయపూర్ హత్య చేసినవాళ్ళ గురించి అన్నట్టు చూపించారు. క్షమాపణ చెప్పారు, సంతోషం. కానీ ఉద్యోగాలు పోయింది తెర వెనక ఉన్న ఇద్దరు ప్రొడ్యూసర్లకు. క్షమాపణ చెప్పడం కూడా అరుదే కాబట్టి దానికి నేను సగం మార్కులు వేస్తాను.

పైనుంచి పడే శిక్షలు వేరు. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ నిలిపేశారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే ఆంధ్రలో సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీ కేబుల్లో మాయమయ్యాయి, టీవీ9 ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి ఉత్తర్వు తెచ్చుకుంది. ఆ రోజుల్లో పార్వతీపురంలో ఉన్న మా బావగారు సాయంత్రమయ్యేసరికి ఫోన్ చేసి, మీ ఒడిశాలో వస్తున్నాయి కదా, ఇవాళ ఏం చెప్పారు అని అడిగేవారు. ఆయన ఆ చానళ్ళను ఇష్టపడే మనిషి కాదు. అయినా చూడొద్దని తనకి ఇంకొకరు చెప్పడం ఆయనకి నచ్చలేదు. 2025 జూన్‌లో సాక్షి టీవీ చర్చలో ఒక అతిథి అమరావతి మహిళలను కించపరిచేలా మాట్లాడారని దుమారం రేగితే, యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును 9న అరెస్టు చేశారు. 13న సుప్రీంకోర్టు విడుదల చేయమంది. ఆ మాట నాకు చాలా అసహ్యం కలిగించింది, షాపులో ఆడవాళ్ళు ఉన్నారు అప్పుడు. కానీ దానికి మందు పోలీసు జీపు కాదు. అతిథి నోరు జారిన నిమిషంలోనే యాంకర్ ఆపాలి, ఆ రాత్రే చానల్ క్షమాపణ చెప్పాలి. లోపల చేయాల్సిన పని లోపల చేయకపోతే బయటివాడికి సందు దొరుకుతుంది.

నా వరకు అన్నిటికన్నా పెద్ద లోటు 2023 అక్టోబరు 29 రాత్రి తెలిసింది. విశాఖ నుంచి మా ఊరు వస్తున్న రాయగడ ప్యాసింజర్ కంటకాపల్లి దగ్గర ముందున్న పలాస ప్యాసింజర్‌ను గుద్దింది. 14 మంది పోయారు. మా పక్కింటి అబ్బాయి ఆ బండిలో ఉన్నాడు. షాపు మూసేవేళ దాటినా వాళ్ళమ్మ మా టీవీ ముందే కూర్చుంది. ఒక చానల్లో మృతుల సంఖ్య పెరుగుతూ పోయింది, ఏ పెట్టె నుజ్జయిందో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఇంకో చానల్ అమ్మాయి మాత్రం హెల్ప్‌లైన్ నంబర్లు నెమ్మదిగా, రెండేసి సార్లు చదివింది. అవి రాసుకునే మేం ఫోన్ చేశాం. తెల్లవారాక అబ్బాయి బస్సులో దిగాడు, చెయ్యి విరిగింది. మర్నాడు మొదటి చానల్లో సంఖ్య చప్పుడు లేకుండా తగ్గిపోయింది. నిన్న తప్పు చెప్పామన్న మాట లేదు. ఆ రాత్రి ఆ తల్లి ఎలా వణికిందో నేను చూశాను. ఆ తప్పుకు ఎవరినైనా పిలిచి అడిగారా? అడిగి ఉంటే తెర మీద చెప్పేవారు.

ఫిర్యాదు చేసే దారి ఉంది, చాలామందికి తెలియదు. ప్రసారమైన ఏడు రోజుల్లోగా ముందు చానల్‌కే రాయాలి. జవాబు నచ్చకపోతే ఎన్‌బీడీఎస్‌ఏ అనే సంస్థకు వెళ్ళాలి. అది చానళ్ళు తాము పెట్టుకున్నదే, అందులో సభ్యులైన చానళ్ళకే వర్తిస్తుంది. వేసే జరిమానా లక్ష రూపాయలకు మించకూడదని 2008లో పెట్టుకున్నారు. 2023లోనూ అదే లక్ష. అది చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అంది. నేను రెండుసార్లు రాశాను. ఒకసారి చానల్ నుంచి ఒక పేజీ జవాబు వచ్చింది, రెండోసారి అదీ లేదు. అయినా రాయండి. జవాబు వచ్చిన చానల్‌ను నేను ఇప్పటికీ కాస్త ఎక్కువ నమ్ముతాను.

మార్కులు అడిగితే, తుపానుకీ వరదకీ అయిదుకు నాలుగున్నర. ఎన్నికలకు రెండు. రాష్ట్రాల మధ్య గొడవలకు ఒకటి, అది కూడా రెండు భాషలూ వచ్చినవాళ్ళకే. రాత్రి డిబేట్లకు నా దగ్గర మార్కులు లేవు, ఏడున్నరకి మ్యూట్ చేసేస్తాను. బీపీ మాత్రలకు వచ్చినవాళ్ళకి ఆ అరుపులు వినిపించడం తప్పనిపించింది.

మా మేనల్లుడు ఇప్పుడు సాలూరులో పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తున్నాడు. కొటియా ముసలామె నిమిషంన్నర వీడియో నా ఫోన్లో ఉంది. మొన్న పొట్టంగి నుంచి మందులకు వచ్చిన ఒకాయనకి చూపించాను. ఆయన కువి భాష మనిషి, తెలుగు సగమే వస్తుంది. రెండుసార్లు చూసి, ఈమె మా అత్తగారి ఊరావిడే, రోడ్డు పడింది, పింఛను కూడా వస్తోందని చెప్పి వెళ్ళాడు.