కల్చర్‌కి చిక్కని క్రిమి, 16ఎస్ సీక్వెన్సింగ్‌కి దొరికింది

మా అన్నయ్యకి రెండు నెలలు రోజూ సాయంత్రానికి జ్వరం. ఎకో తీస్తే అయోర్టిక్ వాల్వ్ మీద చిన్న కండలాంటిది ఊగుతూ కనిపించింది. ఎండోకార్డైటిస్ అన్నారు, అంటే గుండె లోపలి పొరకీ వాల్వులకీ పట్టే ఇన్ఫెక్షన్. రక్తంలోని క్రిమిని సీసాలో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కి మూడుసార్లు పంపితే మూడుసార్లూ ఏమీ పెరగలేదు. ఏ క్రిమో తెలియకుండానే వాల్వ్ మార్చాల్సి వచ్చింది. తీసిన వాల్వ్ ముక్కని 16ఎస్ సీక్వెన్సింగ్‌కి పంపాం.

బ్యాక్టీరియా అన్నింటిలోనూ 16ఎస్ అనే, దాదాపు 1500 డీఎన్ఏ అక్షరాల జన్యువు ఒకటుంటుంది. అందులో కొన్ని చోట్లు అన్నింటికీ ఒకేలా ఉంటాయి, కొన్ని జాతిని బట్టి మారతాయి. మారే చోట్లు చదివితే పేరు తెలుస్తుంది. క్రిమి బతికి ఉండక్కర్లేదు, సీసాలో పెరగక్కర్లేదు.

ఆపరేషన్‌కి ముందురోజు ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసి, "ముక్కంతా ఫార్మలిన్‌లో (కణజాలం కుళ్లకుండా వేసే మందునీళ్లు) వేయనివ్వకండి, డీఎన్ఏ పాడైపోతుంది" అని రెండుసార్లు చెప్పింది. తీరా ఆపరేషన్ థియేటర్‌లో మొత్తం ఫార్మలిన్ సీసాలోకే వెళ్లబోయింది. ముందే బతిమాలి ఉన్నాం కాబట్టి సర్జన్ గారు గోరంత ముక్క విడిగా తీసి, స్టెరైల్ డబ్బాలో రెండు చుక్కల సెలైన్ వేసి ఇచ్చారు. అది ఐస్ పెట్టెలో పట్టుకుని కూర్చున్న గంటసేపూ నా చేతులు వణికాయి.

తొమ్మిదో రోజు రిపోర్టు వచ్చింది: బార్టొనెల్లా హెన్సిలే, పిల్లి గీతల ద్వారా సోకే బ్యాక్టీరియా. డాక్టర్‌గారు అడిగిన మొదటి మాట, "ఇంట్లో పిల్లి ఉందా?" అన్నయ్య చేరదీసిన పిల్లికూనల గీతలు ఇంకా ముంజేతి మీదున్నాయి. మందులు డాక్సీసైక్లిన్‌కీ జెంటామైసిన్‌కీ మార్చారు, కిడ్నీ పరీక్షలు చూసుకుంటూ. వారంలో జ్వరం దిగింది.

లోపాలూ ఉన్నాయి. ఏ మందు పనిచేస్తుందో ఈ పరీక్ష చెప్పదు. ఫంగస్ దీనికి కనపడదు, దానికి వేరే పరీక్ష. క్రిమి చచ్చాక కూడా దాని డీఎన్ఏ కొన్నాళ్లు వాల్వ్‌లో మిగులుతుంది, ఆ సంగతి రిపోర్టులో ఒక్క ముక్క రాయలేదు. రిపోర్టు ఎప్పుడొస్తుందని ఫోన్ చేస్తే మూడు రోజులు ఎవరూ ఎత్తలేదు, అప్పుడు మా వదిన పడ్డ నరకం చెప్పలేను. నాకు ఇంకా మనసులో ఉండిపోయింది ఒకటే: బార్టొనెల్లాకి యాంటీబాడీ రక్తపరీక్ష ఉంది. కల్చర్ రాలేదన్న రోజే అది చేయించి ఉంటే ఇన్నాళ్లు చీకట్లో తడుముకునేవాళ్లం కాదు. కల్చర్ ఖాళీగా వస్తే మీరు నోరు తెరిచి అడగండి.

అయినా ఈ ల్యాబ్‌కి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ ఎత్తని ఫోన్‌కి. ఇచ్చిన నాలుగులో సగం ముందురోజు ఫోన్ చేసిన ఆ అమ్మాయివే.