ముందు కథా, ముందు కెమెరానా: ఏది మేలు?

సైన్స్ ఫిక్షన్ రాస్తూ సినిమా కూడా తీయాలనుకునే కుర్రాళ్లు ఒంగోలులో నన్ను అడిగే మాట ఒకటే: "అన్నా, ముందు కథలు రాయాలా, షార్ట్ ఫిల్మ్ తీయాలా?" రెండూ చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చూసే ఉంటారు. నల్లరాయి, లోపల బంగారు చుక్కలు. అవి వేరే లోకంవాళ్లు రాసిపెట్టిన దారి అని ఒక కథ రాశాను. మూడు రాత్రుల్లో అయిపోయింది. దాన్నే సినిమాగా తీయబోతే ఎనిమిది నెలలు, ₹60,000 పట్టింది. క్వారీ దగ్గర డ్రిల్లింగ్ మోతకు ఒక్క డైలాగూ వినపడలేదు. దుమ్ము పట్టిన రాయిలో చుక్కలూ సరిగ్గా కనపడలేదు. చివరికి పాలిష్ ఫ్యాక్టరీ వెనక పగిలి పడున్న పలక ఒకటి అడిగి తెచ్చుకుని, రాత్రిపూట మా డాబా మీద పెట్టి, నీళ్లు చల్లి, పక్కనుంచి ఫోను లైటు వేశాం. లైటు కాస్త కదిపితే చాలు, చుక్కలు ఒక్కొక్కటీ వెలిగి ఆరుతున్నాయి. కథలో దానికి రెండు వాక్యాలు రాశాను. తెరమీద అది పదకొండు సెకన్లు. నా రెండు వాక్యాలకంటే ఆ పదకొండు సెకన్లే బాగున్నాయి.

అయినా సరే, ముందు కథే రాయమంటాను.

సత్యజిత్ రాయ్ సంగతే చూడండి. గ్రహాంతరవాసి పల్లెటూరికి వచ్చే కథ ఒకటి 1962లో 'సందేశ్' పిల్లల పత్రికలో రాశారు. తర్వాత అలాంటి ఊహతోనే హాలీవుడ్ కోసం స్క్రిప్టు రాస్తే, అంతటివాడికి కూడా ఆ సినిమా పట్టాలెక్కలేదు. కథ మాత్రం ఇవాళ్టికీ చదువుతున్నారు. డబ్బు అందక సినిమా ఆగిపోవచ్చు, కథకు కాగితం చాలు. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయిత మైకేల్ క్రైటన్‌కు కూడా ముందు 1969 నవలతో పేరొచ్చింది, ఆ తర్వాత 1973లో సొంత స్క్రిప్టుతో సినిమా తీశాడు.

హక్కుల విషయంలోనూ కథే నయం. రాసిన కథ మీద కాపీరైట్ మీది, మీ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. సినిమాకైతే చట్టం ప్రకారం హక్కు నిర్మాతది. అందుకే కథ ఇచ్చేటప్పుడు ఏ హక్కు ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మి నేనొక కథ పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇంకా ఉంది.

మరి కెమెరా దారిలోనే వెళ్లి గెలిచినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. మన పక్కనున్న నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు గారు 1991లోనే టైమ్ మెషిన్ కథతో తెలుగు సినిమా తీశారు. కానీ అంతకుముందు కె.వి. రెడ్డి గారి దగ్గర అసిస్టెంటుగా పని నేర్చుకున్నారు. ఇల్లు వదిలి, అలా ఒకరి దగ్గర ఏళ్లతరబడి ఉండగలిగితే ఆ దారీ మంచిదే. ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడే ఉండేవాళ్లకు అది కుదరదు.

నా లెక్క ఏమిటంటే, పది కథలు రాసి, వాటిలో ఒక డాబా మీదో ఒక గదిలోనో తీయగలిగేది ఏదో వెతుక్కోండి. నా దగ్గర ఇప్పుడు పంతొమ్మిది ఉన్నాయి. మన చేతి డబ్బుతో తీయగలిగేవి రెండే. ఒకటి కొత్తపట్నం బీచ్‌లో ఒక్క మనిషి, ఒక పాత రేడియో. అది ఈ చలికాలంలో మొదలుపెడుతున్నాం.