పిల్లి మూత్రాశయానికి ఏ తిండి మేలు: డ్రై ఫుడ్, వెట్ ఫుడ్, ఇంటి వంట, యూరినరీ డైట్

పిల్లి మూత్రంలో రక్తం కనిపించినా, అది పదే పదే లిట్టర్ ట్రేలో కూర్చుని చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, పెంచుకునేవారు ముందుగా అనుమానించేది తిండినే. ఆ అనుమానంలో న్యాయం లేకపోలేదు గాని, ఆలోచన "ఏ కంపెనీది మంచిది" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది. మన దగ్గర పిల్లి ముందు పెట్టగలిగినవి నాలుగు రకాలు: సంచుల్లో దొరికే డ్రై ఫుడ్, పౌచ్‌లలోనూ డబ్బాల్లోనూ వచ్చే వెట్ ఫుడ్, ఇంట్లో వండిపెట్టేది, పశువైద్యుడు రాసిస్తే కొనే యూరినరీ డైట్. వీటిలో ఏది మేలన్నది ఆ పిల్లి మూత్రాశయంలో ఏం జరుగుతోందో తెలిస్తేనే తేలుతుంది. అయితే అది తెలియకముందే ఒక మాట చెప్పవచ్చు: తిండిలో ఏ ఖనిజం ఎంత ఉందో చూసేకంటే ముందు, నీరు ఎంత ఉందో చూడాలి.

పదేళ్లలోపు పిల్లుల్లో ఇలాంటి లక్షణాలతో వచ్చే వాటిలో సగానికి పైగా కేసుల్లో రాయీ ఉండదు, సూక్ష్మజీవుల ఇన్ఫెక్షనూ ఉండదు. దీన్ని ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. మూత్రాశయపు గోడ వాచిపోతుంది, దానికి ఒత్తిడితో దగ్గరి సంబంధం ఉంది. కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం, ట్రే మురికిగా ఉండడం వంటివి కూడా దాన్ని రేపగలవు. మిగిలిన కేసుల్లో చాలావాటికి కారణం రాళ్లు, లేదా మగపిల్లి సన్నని మూత్రమార్గాన్ని మూసేసే జిగురు ముద్దలు. ఆడ మనుషుల్లో తరచుగా కనిపించే బాక్టీరియా ఇన్ఫెక్షన్ వయసులో ఉన్న పిల్లుల్లో అరుదు. అది ముసలి పిల్లుల్లోనూ, మధుమేహం లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాటిలోనూ ఎక్కువ. అందుకే మూత్రపరీక్ష చేయించకుండా యాంటీబయాటిక్ వేయడం గాని, సంచి మీద "యూరినరీ" అని రాసి ఉందని కొత్త తిండి కొనడం గాని చీకట్లో రాయి విసరడమే అవుతుంది.

ఇక పోలికకు వద్దాం. ఇంటి పిల్లి పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ఎడారి ప్రాంతాల అడవిపిల్లులు. వాటికి కావలసిన నీటిలో ఎక్కువ భాగం వేటలోనే దొరికేది. ఎలుక శరీరంలో సుమారు 70 శాతం నీరే. అలా బతికిన జాతికి దాహం తక్కువ, మూత్రాన్ని చిక్కబరచే శక్తి కిడ్నీలకు ఎక్కువ. ఇప్పుడు నాలుగు కిలోల పిల్లిని తీసుకుని లెక్క వేసి చూడండి. దానికి రోజుకు అన్ని మార్గాల్లో కలిపి సుమారు 200 మిల్లీలీటర్ల నీరు, దాదాపు 200 కిలోక్యాలరీల తిండి కావాలి. ఆ శక్తి డ్రై ఫుడ్‌లో సుమారు 55 గ్రాములతోనే వచ్చేస్తుంది. అందులో తేమ 10 శాతం లోపే కాబట్టి తిండి ద్వారా అందే నీరు ఒక టీస్పూనుకు మించదు. అదే శక్తి కోసం 85 గ్రాముల వెట్ ఫుడ్ పౌచ్‌లు దాదాపు మూడు పెట్టాలి; వాటిలో తేమ 80 శాతం ఉంటుంది కాబట్టి గిన్నెలో నీళ్లు ముట్టకపోయినా 200 మిల్లీలీటర్లు కడుపులోకి చేరిపోతాయి. డ్రై ఫుడ్ తినే పిల్లి గిన్నెలోంచి ఎక్కువ నీళ్లు తాగుతుందన్నది నిజమే గాని, ఆ తాగేది ఈ తేడాను పూడ్చడానికి సాధారణంగా చాలదు. అప్పుడు మూత్రం చిక్కబడుతుంది, తక్కువ సార్లు వస్తుంది, ఎక్కువసేపు నిల్వ ఉంటుంది. స్ఫటికాలు కట్టడానికి కావలసిన పరిస్థితులు అవే.

ఈ తేడా కాగితం మీది లెక్కే కాదు. ఇడియోపతిక్ సిస్టైటిస్ వచ్చిన పిల్లులకు ఒకే రకం తిండిని కొన్నింటికి డబ్బా రూపంలో, కొన్నింటికి గింజల రూపంలో (అంటే డ్రై ఫుడ్‌గా) ఏడాది పాటు పెట్టి చూసిన ఒక పరిశీలన 1999లో వెలువడింది. డబ్బా తిండి తిన్నవాటిలో 11 శాతం పిల్లులకు జబ్బు తిరగబెడితే, గింజలు తిన్నవాటిలో 39 శాతానికి తిరగబెట్టింది. అది చిన్న పరిశీలన, దాని మీదే అంతా నిలబెట్టడం సరికాదు. కానీ ఆ తర్వాతి నిపుణుల సిఫారసులూ అటే మొగ్గాయి. అమెరికాలోని పశువైద్య అంతర్వైద్య నిపుణుల సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, రాళ్లు మళ్లీ రాకుండా ఉండాలంటే తేమ 75 శాతానికి పైగా ఉన్న తిండి పెట్టమని సలహా ఉంది.

అంతమాత్రాన డ్రై ఫుడ్‌ను విషమన్నట్టు చూడనవసరం లేదు. కోట్ల పిల్లులు దాన్నే తిని, జీవితంలో ఒక్కసారీ మూత్ర సమస్య లేకుండా బతుకుతున్నాయి. మూడు పౌచ్‌ల ఖర్చు 55 గ్రాముల గింజల ఖర్చుకు సుమారుగా నాలుగైదు రెట్లు ఉంటుంది. రెండు మూడు పిల్లులున్న మధ్యతరగతి ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. పైగా విజయవాడ, రామగుండం వంటి చోట్ల మే నెల ఎండలకు తెరిచిన వెట్ ఫుడ్‌ను ఉదయం పెట్టి సాయంత్రం దాకా వదిలేయడం కుదరదు, గంటా రెండు గంటల్లో మిగిలింది తీసి పారేయాలి. ఉద్యోగానికి వెళ్లేవారికి పగటిపూట గింజలు, ఇంట్లో ఉన్న పూటల్లో పౌచ్ అన్న ఏర్పాటు న్యాయంగానే ఉంటుంది. గింజల మీద గోరువెచ్చని నీళ్లు పోసి పావుగంట నానబెట్టి పెట్టినా తేమ పెరుగుతుంది, దానికి పైసా ఖర్చు లేదు. నానినది కూడా త్వరగా పులుస్తుందని మాత్రం మరవకూడదు. డ్రై ఫుడ్ పళ్లను శుభ్రం చేస్తుందన్న వాదనను మాత్రం పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. దంతాల కోసం ప్రత్యేకంగా తయారుచేసినవి తప్ప మామూలు గింజలు పంటి కింద ఇట్టే చిట్లిపోతాయి. గిన్నె నిండా పోసి రోజంతా వదిలేయడం వల్ల వచ్చే అసలు నష్టం స్థూలకాయం. ఒళ్లు చేసిన, కదలిక లేని పిల్లులకే మూత్ర సమస్యలు ఎక్కువగా వస్తాయి.

ఖనిజాల కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అంగట్లో సంచుల మీద కనిపించే మాటలన్నీ దానిలోంచే పుట్టాయి. మొదట్లో తిండిలోని బూడిద (తిండిని కాల్చితే మిగిలే ఖనిజాల) శాతమే రాళ్లకు కారణమని నమ్మేవారు. తర్వాత చూపు మెగ్నీషియం మీదికి మళ్లింది, ఎందుకంటే అప్పట్లో పిల్లుల్లో కనిపించే రాళ్లలో అధిక భాగం మెగ్నీషియం, అమోనియం, ఫాస్ఫేట్ కలిసిన స్ట్రువైట్ రాళ్లే. ఇవి క్షార గుణం ఉన్న మూత్రంలో కడతాయి. దాంతో 1980లలో కంపెనీలు మెగ్నీషియం తగ్గించి, మూత్రాన్ని ఆమ్లంగా మార్చే తిండి తయారుచేయడం మొదలుపెట్టాయి. స్ట్రువైట్ తగ్గింది నిజమే, కానీ కాల్షియం ఆక్సలేట్ రాళ్లు పెరిగాయి. 1981లో కార్ల్ ఆస్‌బోర్న్ నెలకొల్పిన మిన్నెసోటా విశ్వవిద్యాలయపు రాళ్ల పరీక్షా కేంద్రానికి మొదట్లో వచ్చిన పిల్లి రాళ్లలో ఆక్సలేట్ నూటికి రెండో మూడో ఉంటే, 1990ల నడిమికి అవి స్ట్రువైట్‌ను మించిపోయాయి. పిల్లుల వయసు, ఇంటిపట్టున ఉండడం వంటి ఇతర కారణాలూ ఉండవచ్చు గాని, ఒకదాన్ని ఆపడానికి మూత్రపు గుణాన్ని మరీ ఒక వైపుకు లాగితే రెండోది తలెత్తుతుందన్న పాఠం మాత్రం మిగిలింది. ఇప్పటి మంచి తిండ్లు మూత్రపు పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) 6.0 నుంచి 6.5 మధ్య ఉంచే ప్రయత్నం చేస్తాయి. ఇంట్లో దానికి నిమ్మరసం, యాపిల్ సైడర్ వెనిగర్, క్రాన్‌బెర్రీ మాత్రలు జోడించడం అనవసరం. అప్పటికే ఆమ్లీకరించిన తిండి మీద అవి పడితే మేలు కంటే హానికే ఎక్కువ అవకాశం.

బోరు నీళ్లలోని సున్నం వల్లే పిల్లులకు రాళ్లు వస్తాయన్న నమ్మకం హైదరాబాద్ కాలనీల్లో గట్టిగా ఉంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం (దాన్ని కాల్షియం కార్బొనేట్‌గా కొలుస్తారు) ఉన్న నీళ్లను, ఆ కాఠిన్యమంతా కాల్షియం వల్లే అనుకుని, పిల్లి రోజుకు 200 మిల్లీలీటర్లు తాగినా అందే కాల్షియం సుమారు 40 మిల్లీగ్రాములు. 55 గ్రాముల డ్రై ఫుడ్‌లో కాల్షియం ఒక్క శాతమే అనుకున్నా 550 మిల్లీగ్రాములు వస్తాయి. ఆ నీళ్లు రుచించక పిల్లి తాగడం మానేస్తేనే నష్టం. అప్పుడు ఫిల్టర్ నీళ్లు పోయవచ్చు. తిండి గిన్నెకు దూరంగా, మీసాలు తగలనంత వెడల్పు గిన్నెల్లో, రెండు మూడు చోట్ల నీళ్లు పెట్టడం అంతకంటే పనికొస్తుంది.

ఇంటి వంట విషయంలో మనవాళ్లు రెండు కొసలకు వెళ్తారు. పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచిన అమ్మమ్మల తరం పిల్లులు ఆరోగ్యంగా ఉండేవని కొందరంటారు. ఆ పిల్లులు పెరట్లో ఎలుకలనూ తొండలనూ కూడా తినేవన్న సంగతి వాళ్ల లెక్కలోకి రాదు. ఫ్లాట్‌లోని పిల్లికి ఆ వెసులుబాటు లేదు. తేమ పరంగా చూస్తే ఉడికించిన కోడిమాంసం, దాని నీళ్లు డ్రై ఫుడ్ కంటే ఎంతో నయం, ఈ ఒక్క విషయంలో ఇంటి వంట పౌచ్‌కు తీసిపోదు. పోషణలోనే అది వెనకబడుతుంది. పిల్లికి టారిన్ అనే అమైనో ఆమ్లం తిండిలోనే అందాలి. అది లోపిస్తే గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనే తేలింది, చూపు కూడా దెబ్బతింటుంది. అన్నంలో టారిన్ లేదు, మాంసాన్ని ఉడికించిన నీళ్లు పారబోస్తే ఉన్నదీ పోతుంది. ఎముక లేని మాంసం ఒక్కటే పెడితే కాల్షియం చాలదు. రోజూ చేపలే పెట్టడం కూడా మంచిది కాదు; పచ్చి చేపల్లో కొన్ని రకాలు విటమిన్ బీ1ను నాశనం చేస్తాయి. మనం చౌకగా తెచ్చే ఎండు నెత్తళ్లలో ఉప్పు, ఎముకలతో కలిసిన ఖనిజాలు రెండూ ఎక్కువే, వాటిని మూత్ర సమస్య ఉన్న పిల్లికి దూరంగా ఉంచాలి. పాలు చాలా ఎదిగిన పిల్లులకు అరగవు. ఇంటి కూరలోని ఉల్లి, వెల్లుల్లి వాటి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కాబట్టి పూర్తిగా ఇంటి వంటే పెట్టదలిచినవారు పశు పోషకాహార నిపుణుల చేత కొలతలు రాయించుకుని, టారిన్, కాల్షియం, విటమిన్ల మిశ్రమం కలపాలి. అంత ఓపిక లేనివారు ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన కోడి రసాన్ని డ్రై ఫుడ్ మీద పోసి పెట్టినా చాలు, నా దృష్టిలో మన వంటింటి అసలు ఉపయోగం అదే.

పౌచ్‌లు కొనేటప్పుడు కూడా ఒకటి చూడాలి. అది సంపూర్ణాహారమని చీటీ మీద రాసి ఉండాలి. నాకించే క్రీము ట్యూబులు, ఉత్త చేప ముక్కల డబ్బాలు చిరుతిళ్లే తప్ప భోజనం కావు.

యూరినరీ డైట్ అంటే మన మార్కెట్లో రాయల్ కెనిన్, హిల్స్, ఫార్మినా వంటి కంపెనీలు అమ్మే చికిత్సాహారం. స్ట్రువైట్ రాయి తేలిన పిల్లికి దీనికి సాటి వచ్చేది లేదు. సరైన తిండి మాత్రమే పెడితే ఆ రాయి చాలా సందర్భాల్లో కొద్ది వారాల్లో కరిగిపోతుంది, కత్తి పెట్టనక్కర్లేదు. అయితే ఆ "మాత్రమే" చాలా ముఖ్యం. పక్కన రెండు చేప ముక్కలు, నాలుగు మామూలు గింజలు పడితే లెక్క తప్పుతుంది. రాయి కరుగుతోందో లేదో ఎక్స్‌రే తీయించి చూసుకోవాలి. కాల్షియం ఆక్సలేట్ రాయి ఏ తిండికీ కరగదు, దాన్ని తీయించాల్సిందే. ఆ తర్వాత తిండి పని మళ్లీ రాకుండా చూడడమే, అక్కడ సంచి మీది పేరుకంటే తేమకే నా ఓటు. ఇడియోపతిక్ సిస్టైటిస్‌కు చికిత్సాహారం కొంత సాయపడుతుంది గాని, ట్రేలు పెంచడం, ఎక్కడానికి, దాక్కోవడానికి చోటివ్వడం, రోజూ ఆడించడం లేకుండా ఒక్క తిండితో అది లొంగదు. ఈ రకం తిండ్లలో కొన్నింటిలో దాహం పెరగడానికి ఉప్పు ఎక్కువ వేస్తారు, మూత్రాన్ని ఆమ్లీకరిస్తారు కాబట్టి పిల్లి పిల్లలకు, చూలుతో ఉన్న పిల్లులకు, కిడ్నీ జబ్బు ఉన్నవాటికి వైద్యుణ్ని అడగకుండా పెట్టకూడదు. మూత్రంలో నాలుగు స్ఫటికాలు కనిపించాయని ఆరోగ్యంగా ఉన్న పిల్లికి జీవితాంతం ఇదే పెట్టడమూ వృథా ఖర్చు. ఫ్రిజ్‌లో ఉంచిన మూత్రంలో స్ఫటికాలు వాటంతటవే కడతాయి, అందుకే నమూనాను తాజాగా ఉండగానే పరీక్షించాలి.

కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పిల్లికి, స్థోమతను బట్టి వెట్ ఫుడ్ ప్రధానంగా, లేదా నీళ్లు కలిపిన డ్రై ఫుడ్ సగం, వెట్ ఫుడ్ సగంగా పెట్టడం మేలు. ఒకసారి జబ్బు చేసి కోలుకున్న మగపిల్లికైతే పొడి గింజలు మానేయించడమే నా సలహా. మూత్రం పూర్తిగా ఆగిపోయిన మగపిల్లి విషయంలో మాత్రం ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది, తిండి మార్చి చూద్దామని ఒక రాత్రి ఆగడం కూడా తగదు.

తిండి మార్పు ఏడు నుంచి పది రోజుల్లో, పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ జరగాలి. చిన్నప్పటి నుంచి గింజలకే అలవాటుపడ్డ పిల్లి వెట్ ఫుడ్ వాసన చూసి వెళ్లిపోవడం మామూలే. గోరువెచ్చగా చేసి పెట్టడం, పైన నాలుగు పాత గింజలు చల్లడం పనిచేస్తాయి. ఆకలేస్తే అదే తింటుందిలే అని మాడ్చకూడదు, ముఖ్యంగా లావుగా ఉన్నదాన్ని, ఎందుకంటే రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఎంత చేసినా ఒప్పుకోని పిల్లికి నానబెట్టిన గింజలతోనే సరిపెట్టుకుని, నీటి పాళ్లు వారం వారం ఒక్కో చెంచా పెంచుకుంటూ పోవచ్చు.