కుటుంబ నియంత్రణ ఆపరేషన్: ఆమెకా, ఆయనకా?

చెన్నై పెరంబూరులో ఉండే మా వదినకు రెండో కాన్పయి నాలుగు నెలలు. ఇంట్లో ఆపరేషన్ మాట వచ్చింది కానీ, ఎవరికి అన్న ప్రశ్నే రాలేదు. "మగవాడు, రేపు బరువులు మోయాలి" అని అమ్మ తేల్చేసింది. ఆ సమయానికి ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఎత్తి వంటగదిలో పెడుతున్నది వదినే.

ట్యూబెక్టమీ అంటే పొట్టకు చిన్నదో పెద్దదో కోత పెట్టి అండవాహికలను మూసేయడం. మత్తు, కుట్లు, ఆపైన విశ్రాంతి. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో విశ్రాంతి ఎక్కడిది? సిజేరియన్ అయినవారికి అదే కోతలో పని పూర్తవుతుంది, ఆ సౌలభ్యం కాదనలేనిది.

మగవారికి శుక్రకణాల నాళాలను మూసేసే వేసెక్టమీ ఇంతకన్నా చాలా తేలిక. చర్మం దగ్గర మత్తుసూది, అరగంటలోపు పని, అదే రోజు ఇంటికి. కుట్లు లేని పద్ధతీ ఉంది. మగతనం తగ్గదు, హార్మోన్లు ఎప్పటిలాగే రక్తంలో కలుస్తాయి. మెలిక ఒక్కటే: సుమారు మూడు నెలలకు వీర్యపరీక్షలో శుక్రకణాలు లేవని తేలేదాకా వేరే జాగ్రత్త తప్పదు.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో తామే ఆపరేషన్ చేయించుకున్నవారు 37.9 శాతం, భర్త చేయించుకున్నవారు 0.3.

ఇదంతా విని అన్నయ్య, "పరీక్షకు మూడు నెలలా?" అని మాత్రం అడిగాడు.